పాలగిన్నె మీద పంచాయితీ

“నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ పిల్లులకు పాలు పోస్తూనే ఉన్నాను. ఒక్కటైనా పాలు తాగి పోయిందా? ఇవాళ నువ్వొచ్చి గిన్నె తీసెయ్యమంటే తీసేస్తాననుకున్నావా?” అని అత్త నిలదీసింది.

మేనకోడలు గన్నవరం పశువైద్య కళాశాలలో చదివి, బెజవాడలో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేస్తున్న డాక్టరు. అత్త తెనాలిలో పుట్టి తెనాలిలోనే మెట్టిన మనిషి. ఇంట్లో నీచు వండరు. ఏడాది కిందట పాత పెంకుటిల్లు అపార్ట్‌మెంటుకిచ్చి, అదే స్థలంలో కట్టిన మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి మారారు. దొడ్లో తిరిగిన మూడు రంగుల పిల్లి కూడా వాళ్లతోపాటే మేడెక్కింది. ఇప్పుడు దానికి బాల్కనీయే దొడ్డి, ఇసుక పోసిన ప్లాస్టిక్ ట్రేయే మరుగు. ఆ ట్రే చూసిన మీదటే మేనకోడలు పాల మాట ఎత్తింది. పిల్లికి కొన్నాళ్లుగా పల్చగా వెళుతోంది. ఇద్దరికీ పిల్లంటే ప్రాణం కాబట్టే వాదన ముదిరింది. పిల్లి సంగతి పట్టనివాళ్ల మధ్య ఈ తగవు పుట్టనే పుట్టదు.

తెనాలిలో పిల్లీ పాలూ అన్న మాట వస్తే రామకృష్ణుడు రాకుండా ఉండడు. రాయలవారు ఎలుకల బెడద తీర్చడానికి ఇంటింటికీ ఒక పిల్లినీ, దాని పాలకోసం ఒక ఆవునూ ఇచ్చారనీ, రామకృష్ణుడు తొలిరోజే సలసల కాగే పాలు పెట్టాడనీ, మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పరుగు తీసేదనీ మనవాళ్లు చెప్పుకునే కథ. అత్త దాన్నే సాక్ష్యానికి పిలిచింది.

“మిగతావాళ్ల పిల్లులు పాలు తాగి నిగనిగలాడుతూ సభకు రాలేదుటే? పాలు ముట్టని రామకృష్ణుడి పిల్లేగా ఎముకల గూడై వచ్చింది!”

“బలిస్తే ఆరోగ్యం అనుకోవడం అక్కడే మొదలైందత్తా. ఇంకోటి కూడా చూడు. ఆ పిల్లుల్ని ఇచ్చింది ఎలుకలు పట్టడానికి. వాటి అసలు తిండి ఎలుకలు, పాలు పైన దక్కినవి. నీ పిల్లికి ఇప్పుడు ఎలుకలెక్కడివి?”

అత్త ఆ మాట అప్పటికి పట్టించుకోలేదు గానీ, తర్వాత జరిగిన వాదనంతా చుట్టూ తిరిగి అక్కడికే చేరింది.

“ఇంతకీ పాలు ఏం చేస్తాయో చెప్పు” అంది అత్త. “విషమా?”

“విషం కాదు. అట్లా అనేవాళ్లు కూడా తప్పే చెబుతున్నారు. పాలల్లో లాక్టోజ్ అని ఒక చక్కెర ఉంటుంది. ఆవు పాలైనా గేదె పాలైనా 100 మిల్లీలీటర్లకు సుమారు 5 గ్రాములు. దాన్ని రెండు ముక్కలు చేస్తే గానీ పేగు పీల్చుకోలేదు. ఆ పని చేసే లాక్టేజ్ అనే ఎంజైమ్ చిన్నపేగు గోడల్లో తయారవుతుంది. పిల్లికూన తల్లి దగ్గర తాగినన్నాళ్లూ అది పుష్కలంగా ఉంటుంది. నాలుగు వారాలకు కూన తిండి రుచి మరుగుతుంది, ఎనిమిది వారాలకల్లా పాలు మానేస్తుంది. అప్పట్నుంచీ ఆ ఎంజైమ్ తగ్గుతూ పోతుంది. పెద్ద పిల్లి గిన్నెడు పాలు తాగితే అరగని లాక్టోజ్ పేగులోకి నీళ్లు లాగుతుంది. అది పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. గ్యాస్ పడుతుంది, కడుపు ఉబ్బుతుంది, పల్చగా వెళుతుంది. తాగిన వెంటనే కాదు, కొన్ని గంటలాగి వస్తుంది. అందుకే పొద్దున తాగిన పాలకూ సాయంత్రం ట్రేలో కనపడ్డదానికీ లంకె ఉందని మనకు తట్టదు.”

“మరి మనం తాగడం లేదా? మనమేం పసిపిల్లలమా?”

“మనలో కూడా చాలామందికి అరగవు. మన దేశంలో 2 వేలకు పైగా మనుషుల జన్యువులు పరీక్షించి ఒక పెద్ద అధ్యయనం చేశారు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా అందులో ఉన్నారు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే జన్యు మార్పు వాయవ్య భారతంలో ఎక్కువ, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ తక్కువ. మామయ్య కాఫీలో పాలు తాగి ఊరుకుంటారు గానీ గ్లాసెడు పాలు ఒక్కసారి తాగితే పొట్ట పట్టుకుంటారు కదా, అది ఇదే. మనుషుల్లో వేల ఏళ్లు పశువుల్ని మేపి పాలు పితికిన జాతుల్లో ఆ మార్పు నిలబడింది. పిల్లి ఏనాడూ ఆవును మేపలేదు.”

అత్త వెనక్కి తగ్గలేదు. ఆవిడకు పెద్ద బలం అనుభవం. పెంకుటింట్లో అటక మీద ఈనిన పిల్లులు, గడ్డివాములో దొరికిన కూనలు, పాలు పిండే వేళకు చావడి గుంజ దగ్గర వచ్చి కూర్చున్న గండుపిల్లి, అన్నీ గేదె పాలు తాగినవే. వాటికి ఎప్పుడూ రోగం రావడం తను చూడలేదంది.

“చూడలేదు, నిజమే. చూసే వీలెక్కడుంది?” అని మేనకోడలు అడిగింది. “పిల్లి మట్టి తవ్వి, వెళ్లి, మళ్లీ కప్పెట్టి వచ్చే జంతువు. ఏ పాదు పక్కనో, పక్కింటివాళ్ల ఇసుక గుట్టలోనో కానిచ్చి వచ్చేది. పల్చగా వెళ్లిందో గట్టిగా వెళ్లిందో నీకెలా తెలుస్తుంది? నాలుగు రోజులు కనపడకపోతే ఎటో పోయిందనుకునేవాళ్లం. చచ్చిపోయిందో, ఊరవతల పడి ఉందో ఎవరు లెక్క చూశారు? ఇప్పుడు ట్రే ఉంది కాబట్టి బయటపడింది. పిల్లుల కడుపు ఇప్పుడే పాడవలేదత్తా, మన కంటికి ఇప్పుడు ఆనింది.”

ఈ వాదనలో నిజంగా ఆలోచించాల్సిన మాట ఇది. పిల్లికి పాలు పడతాయనే మన నమ్మకం ఎన్నో తరాలది. ఆ తరాలన్నిటిలోనూ పిల్లి తన మలాన్ని తనే పూడ్చేసింది. మేలు జరిగిందనడానికి ఎదురుగా పిల్లి కనిపించేది. కీడు జరిగితే అది దొడ్లోనే ఉండిపోయేది.

అయినా అత్త వాదనను తీసిపారెయ్యడానికి లేదు. అన్ని పిల్లులకూ పాలు పడకపోవని మేనకోడలే ఒప్పుకుంది. ఎంజైమ్ పూర్తిగా మాయమైపోదు. కొన్నిట్లో ఎక్కువ మిగులుతుంది, కొన్నిట్లో దాదాపు ఉండదు. రెండు మూడు చెంచాల పాలు తాగి హాయిగా నిద్రపోయే పిల్లులు బోలెడున్నాయి. చిక్కంతా కొలత దగ్గర వస్తుంది. నాలుగు కిలోల పిల్లి 100 మిల్లీలీటర్లు తాగడమంటే, బరువు లెక్కన 60 కిలోల మనిషి లీటరున్నర తాగినట్టు. మనం మాత్రం మన చేతికి చిన్నగా కనిపించే గిన్నెను పిల్లికీ చిన్నదే అనుకుంటాం.

“అదీగాక గేదె పాలు చిక్కన” అని మేనకోడలు లెక్క పూర్తి చేసింది. “100 మిల్లీలీటర్లకు 100 కిలో కేలరీలకు పైనే ఉంటాయి. ఇంట్లో ఉండే నాలుగు కిలోల పిల్లికి రోజు మొత్తానికి కావలసింది 200 నుంచి 250. నువ్వు పొద్దున సగం గ్లాసు, రాత్రి సగం గ్లాసు పోస్తే దాని రోజు తిండి పాలతోనే అయిపోయింది. ఇక వేరే తిండికి ఆకలేదీ?”

“పడనిదైతే అది ముట్టనే ముట్టదు కదే. పాలగిన్నె చప్పుడైతే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది. పంచదార వేస్తే ఇంకా ఇష్టంగా తాగుతుంది.”

మేనకోడలు నవ్వి, “పంచదార నీ తృప్తికే” అంది. “పిల్లికి తీపి తెలీదు. 2005లో అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ వాళ్లు దీన్ని జన్యువుల్లోనే పట్టుకున్నారు. నాలుక మీద తీపిని గుర్తించడానికి రెండు జన్యువులు కలిసి పని చెయ్యాలి. పిల్లుల్లో అందులో ఒకటి పాడైపోయి ఎందుకూ కొరగాకుండా పడి ఉంది. మనింటి పిల్లికే కాదు, పులికీ చిరుతకీ కూడా అంతే. అది పరిగెత్తుకొచ్చేది కొవ్వు కోసం, వాసన కోసం. మీగడ అంటే ప్రాణమిచ్చేది కూడా అందుకే. ఇష్టంగా తాగిందంటే కొవ్వు దొరికిందని అర్థం. అరిగిందని కాదు.”

ఇద్దరూ మాట్లాడుకుంటుండగానే పిల్లి వచ్చి గిన్నెలో మిగిలిన పాలు తాగడం మొదలుపెట్టింది. దగ్గరగా కూర్చుని చూస్తే అబ్బురంగా ఉంటుంది. మూతి తడవదు, ఒక్క చుక్క చిందదు. పిల్లి పాలను నాలుకతో తోడుకుంటుందని మనం అనుకుంటాం గానీ అసలు సంగతి వేరు. నాలుక కొనను కిందికి వంచి, దాని పైభాగాన్ని పాల మీద ఊరికే ఆనించి, చటుక్కున పైకి లాగుతుంది. ఆ వేగానికి పాలు సన్నని ధారగా నాలుక వెంట పైకి లేస్తాయి. ధార తెగి కిందపడేలోగా నోరు మూసేస్తుంది. ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ 1940 నాటికే పిల్లి పాలు తాగడాన్ని వేగపు కెమెరాతో తీశారు. ఆ దృశ్యమున్న చిన్న సినిమాకు ఆస్కార్ కూడా వచ్చింది. ఇందులోని భౌతికశాస్త్రం తేలింది మాత్రం 2010లోనే. రోమన్ స్టాకర్ అనే శాస్త్రవేత్త తన ఇంటి పిల్లి తాగుతుంటే చూసి, ముగ్గురు మిత్రులతో కలిసి లెక్కలు కట్టి సైన్స్ పత్రికలో వేశారు. పిల్లి సెకనుకు దాదాపు నాలుగుసార్లు నాలుక ఆడిస్తుంది. ఒక్కో విడతకు నోట్లోకి వెళ్లేది 0.1 మిల్లీలీటరు. అంటే రెండు పెద్ద చెంచాల పాలు తాగడానికి అది 300 సార్లు నాలుక ఆడించాలి.

“ఇంత కష్టపడి తాగుతోందే, దాని నోటి దగ్గర గిన్నె ఎట్లా లాగేస్తావే!” అని అత్త నొచ్చుకుంది. మేనకోడలు ఆ పూటకు గిన్నె ముట్టుకోలేదు.

అత్త తర్వాతి అస్త్రం నీళ్లు. మే నెల ఎండకు తెనాలిలో మేడ మీది ఫ్లాట్ పెనంలా కాలుతుంది. పిల్లి నీళ్ల జోలికి పోదు. పాలైతే తాగుతుంది. పాలల్లో అధికభాగం నీళ్లేగా, ఆ రూపంలోనైనా కాస్త తడి లోపలికి పోతుందని ఆవిడ బాధ.

ఇది న్యాయమైన బాధే. మన ఇంటి పిల్లికి మూలం పశ్చిమాసియా ఎడారి అంచుల్లో తిరిగిన అడవిపిల్లి అని 2007లో జన్యు పరీక్షలు తేల్చాయి. సైప్రస్‌లో 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే ఒక పిల్లి అస్థిపంజరం దొరికింది. అంత పాత స్నేహమైనా ఎడారి అలవాటు మాత్రం వదల్లేదు. వేటాడి తిన్న ఎలుకలో మూడింట రెండు వంతులు నీళ్లే ఉంటాయి కాబట్టి పిల్లికి విడిగా దాహం తక్కువ. మూత్రాన్ని చిక్కబరిచి నీటిని పొదుపు చేసుకుంటుంది. ఎండు గుళికల తిండి మీద బతికే ఇంటి పిల్లికి ఆ పొదుపే మూత్రనాళ జబ్బులు తెచ్చిపెడుతుంది.

“తడి కావాలన్నది నిజం” అని మేనకోడలు ఒప్పుకుంది. “కానీ పల్చగా వెళ్లే పిల్లికి పాలు పోస్తే, లోపలికి పోయిన నీళ్ల కంటే బయటికొచ్చేవే ఎక్కువ. నీళ్లగిన్నె వెడల్పుగా ఉండాలి, మీసాలు అంచుకు తగలకూడదు. తిండిగిన్నె పక్కన కాకుండా వేరేచోట పెట్టు. రోజుకు రెండుసార్లు మార్చు. కొన్ని పిల్లులు నిలవ నీళ్లు ముట్టవు గానీ కుళాయి కింద ధార పడుతుంటే తాగుతాయి. అప్పటికీ తాగకపోతే గిన్నెడు నీళ్లలో ఒక్క చెంచా పాలు కలుపు. వాసనకు తాగుతుంది. నేనేం కాదనను.”

“చూశావా, పాలు కలపమని నువ్వే అంటున్నావు!”

“చెంచా అన్నానత్తా. గ్లాసు అనలేదు.”

పచ్చిపాల సంగతి దగ్గర మాత్రం అత్తదే పైచెయ్యి. మేనకోడలు 2024లో అమెరికాలో జరిగింది చెప్పింది. ఆ మార్చిలో టెక్సాస్ పాడి ఫారాల్లో ఆవులకు హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ సోకినట్టు తేలింది. ఒక ఫారంలో జబ్బుపడిన ఆవుల పచ్చిపాలు, జున్నుపాలు అక్కడి పిల్లులకు పోశారు. ఇరవై నాలుగు దాకా ఉన్న పిల్లుల్లో సగానికి పైగా చచ్చిపోయాయి. కొన్ని గుడ్డివైపోయి గుండ్రంగా తిరిగాయి. పాలల్లోంచే వైరస్ పిల్లికి పోయి ఉంటుందని పరీక్షలు చేసినవాళ్లు అన్నారు.

“మనింట్లో పాలు కాచకుండా ఎప్పుడైనా ఎవరికైనా పోశామా? పిల్లికైనా కాచి చల్లార్చే పోస్తాం” అంది అత్త.

ఆ అలవాటును మేనకోడలు మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. పొంగు వచ్చేదాకా కాచిన పాలల్లో ఆ వైరస్ బతకదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఐరోపాలో క్షయ ఉన్న ఆవుల పచ్చిపాలు తాగి పిల్లులకు క్షయ వచ్చేది. అది కూడా కాచిన పాలతో రాదు. అయితే ఇక్కడ మాంసం తినే ఇళ్లవాళ్లకు ఒక హెచ్చరిక అవసరం. 2025 ఫిబ్రవరిలో మన తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందే మధ్యప్రదేశ్ ఛింద్వారాలో ఇంటి పిల్లుల్లో అదే వైరస్ కనిపించింది. చికెన్ కొట్టు దగ్గర ఊరికే వచ్చే పచ్చి తుక్కు తెచ్చి పిల్లికి వేసేవాళ్లు దాన్ని ఉడికించి వెయ్యాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి పడ్డ పులుసు ముక్క మాత్రం వద్దే వద్దు. అవి పిల్లి రక్తకణాల్ని విరిచేస్తాయి. పాలు చేసే హాని కంటే ఆ హాని చాలా పెద్దది.

ఇక అసలు విషయానికి వచ్చేసరికి రాత్రయింది. మేనకోడలు మొదట్లో అన్న ఎలుకల మాటనే ఇంకో రూపంలో మళ్లీ ఎత్తింది.

“దొడ్లో ఉన్నప్పుడు పిల్లి రోజూ ఏం తినేది?”

“పాలన్నం. పెరుగన్నం. పప్పులో నెయ్యి వేసి కలిపితే అదీ తినేది.”

“నువ్వు పెట్టింది కాదు. అది తెచ్చుకున్నది చెప్పు.”

అత్తకు గుర్తుంది. ధాన్యపు కొట్టు దగ్గర చిట్టెలుకలు. గోడమీద బల్లులు. వానాకాలం కప్పలు. ఒకసారి పిచ్చుకను పట్టి తెస్తే చీపురు తిరగేసిందట. నీచు వండని ఇంట్లో పెరిగినా ఆ పిల్లి ఒక్కరోజు కూడా శాకాహారి కాదు. అత్త పెట్టిన పాలన్నం దానికి చిరుతిండి. కడుపు నింపుకునేది వేటతోనే.

“ఇప్పుడు మూడో అంతస్తులో దానికి నీ పాలన్నం ఒక్కటే మిగిలింది” అంది మేనకోడలు. “నాకు లాక్టోజ్ కంటే ఇదే ఎక్కువ భయం.”

అప్పుడు టారిన్ కథ చెప్పింది. టారిన్ జంతువుల కండల్లో, గుండెలో, కంటి రెటీనాలో ఉండే పదార్థం. మొక్కల్లో ఉండదనే చెప్పాలి. మనుషులూ కుక్కలూ తమ ఒంట్లోనే దాన్ని తయారుచేసుకోగలరు. పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ. పైగా కొవ్వు అరిగించే పైత్యరసం తయారీకి పిల్లి టారిన్ మాత్రమే వాడగలదు. మనకు అవసరమైతే గ్లైసిన్ అనే ఇంకో పదార్థం పనికొస్తుంది, దానికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి టారిన్ రోజూ ఖర్చవుతూనే ఉంటుంది, రోజూ తిండిలోంచి రావాలి. ఎలుకలో అది దండిగా దొరుకుతుంది. ఆవు పాలల్లో దొరికేది లెక్కలోకి రాదు.

“1975లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది” అని మేనకోడలు చెప్పుకొచ్చింది. “పిల్లికూనలకు మాంసకృత్తులన్నీ కేసిన్ రూపంలో ఇచ్చారు. కేసిన్ అంటే ఏమిటనుకున్నావు? పాలు విరిగినప్పుడు గడ్డకట్టే మాంసకృత్తే. కడుపు నిండా తిన్నాయి. కానీ నెలలు గడిచేసరికి వాటి కంటి రెటీనా చెడిపోయింది. కేసిన్‌లో టారిన్ లేదు, అదీ కారణం. ఇంకో పన్నెండేళ్లకు, 1987లో, కాలిఫోర్నియా డేవిస్ విశ్వవిద్యాలయంలో పాల్ పయన్ అనే గుండె వైద్యుడూ ఆయన సహచరులూ పిల్లుల గుండె జబ్బుకూ దీనికీ ఉన్న లంకె పట్టుకున్నారు. గుండె ఉబ్బి, గోడలు పల్చబడి, సరిగా కొట్టుకోలేక చచ్చిపోయే పిల్లుల రక్తంలో టారిన్ బాగా తక్కువగా ఉంది. మాత్రల రూపంలో టారిన్ ఇస్తే, చావు దగ్గరకొచ్చిన పిల్లులు కోలుకున్నాయి. విచిత్రం ఏమిటంటే అవి తింటున్నది కంపెనీలు చేసి అమ్మిన తిండే. ఆ తర్వాత కంపెనీలన్నీ తమ తిండిలో టారిన్ పెంచాయి. ఆ గుండె జబ్బు అంతకుముందు ఎంత మామూలో, ఇప్పుడు అంత అరుదైపోయింది. చెడిపోయిన గుండె కోలుకుంటుంది గానీ చెడిన రెటీనా తిరిగి రాదత్తా.”

అత్త చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లిగా, “పాలు తాగే బిడ్డకు లోటుండదని పెద్దవాళ్లు అనేవారు” అంది.

“బిడ్డ తల్లి పాలు తాగినంతకాలం ఆ మాట నిజమే. పిల్లి పాలల్లో టారిన్ బాగా ఉంటుంది. మాంసకృత్తులు ఆవు పాలల్లో కంటే రెట్టింపుకు పైగా ఉంటాయి. పిల్లికూనకు ఆ పాలు అమృతమే. ఆవు పాలు దూడకోసం పుట్టినవి.”

అత్తకు వెంటనే కిందింటి మెట్ల కింద దొరికిన మూడు కూనలు గుర్తొచ్చాయి. తల్లి బండి కింద పడి పోయింది. వాచ్‌మన్ భార్య వాటికి దూదితో ప్యాకెట్ పాలు పిండుతోంది. ఇందాకటి పంతం పక్కన పెట్టి, వాటికేం చెయ్యాలో చెప్పమంది. మేనకోడలు కూడా ఇక వాదించకుండా వివరంగా చెప్పింది.

తల్లి లేని కూనకు పెట్ షాపుల్లో దొరికే పిల్లికూనల పాలపొడి గోరువెచ్చని నీళ్లలో కలిపి పట్టాలి. నెలలోపు కూనకు మూడు నాలుగు గంటలకోసారి, మరీ పసిదైతే రెండు గంటలకోసారి. చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి, తల కాస్త ఎత్తి, చిన్న సీసాతోనో సూది తీసిన సిరంజితోనో చుక్కచుక్కగా పట్టాలి. అంతకంటే ముందు ఒళ్లు వెచ్చబరచాలి. చల్లబడ్డ కూన కడుపులో పాలు అరగవు. మూడు వారాలలోపు కూన తనంతట తను మూత్రం పోయలేదు. తల్లి నాకి పోయిస్తుంది. తల్లి లేనప్పుడు పాలు పట్టిన ప్రతిసారీ తడిపిన వెచ్చని దూదితో కింద మెల్లగా రుద్దాలి. ఆదివారం రాత్రి షాపులన్నీ మూసి ఉండి, ఏమీ దొరక్కపోతే ఒక పూట మామూలు పాలు పట్టి ప్రాణం నిలబెట్టవచ్చు. దాంతోనే పెంచేద్దామనుకుంటే మాత్రం విరేచనాలు పట్టుకుంటాయి. గుప్పెడంత కూన ఒంట్లో నీరు ఒక్క రోజులో ఇంకిపోతుంది.

“ఆ పొడి నేను తెప్పిస్తాను” అంది అత్త. ఆ రాత్రే వాచ్‌మన్‌తో డబ్బు పంపింది.

తెల్లారి కాఫీల దగ్గర మళ్లీ పెద్ద పిల్లి మాట వచ్చింది. ఇంట్లో మాంసం వండడం జరగదని అత్త తెగేసి చెప్పింది. వండమని మేనకోడలు అడగనూ లేదు. కొట్లో దొరికే క్యాట్ ఫుడ్ పొట్లాం, బాల్కనీలో విడిగా ఒక గిన్నె, ఒక చెంచా. వంటింట్లోకి అది రానక్కర్లేదు. ఈ ఏర్పాటుకు అత్త ఒప్పుకుంది. నీచు వండని ఇళ్లలో పిల్లిని పెంచుకునేవాళ్లు ఈ నిర్ణయం ఎప్పుడో ఒకప్పుడు చెయ్యక తప్పదు. మన ఆహారనియమం మనది. దాన్ని ఎలుక కనపడని మేడ మీద పిల్లి మీద కూడా రుద్దితే, బాధ పడేది నోరులేని ఆ జీవి.

“క్యాట్ ఫుడ్ అలవాటు లేదు కదా, ఒక్కసారిగా మార్చకు” అని మేనకోడలు జాగ్రత్త చెప్పింది. “వారం పది రోజులు పట్టనీ. మొదట పాత తిండిలో కొంచెం కలుపు, రోజూ పెంచుకుంటూ పో. అలిగి తినకపోతే పస్తు పెట్టి దారికి తెద్దామనుకోవద్దు. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కొవ్వంతా కాలేయంలో చేరి ప్రాణం మీదికొస్తుంది.”

“పెరుగు సంగతేమిటి? అదైతే అరుగుతుందిగా?”

“తోడుకునేటప్పుడు సూక్ష్మజీవులు కొంత లాక్టోజ్‌ని తినేస్తాయి. పాల కంటే నయం. ఒక చెంచా నాకిస్తే తప్పు లేదు. పెరుగన్నం పేరుతో గిన్నెడు అన్నం పెట్టడం మాత్రం వద్దు. దుకాణాల్లో లాక్టోజ్ లేని పాల ప్యాకెట్లు వస్తున్నాయి, అమూల్ వాళ్లవి కూడా ఉన్నాయి. మరీ మనసాగకపోతే అవి రెండు చెంచాలు పొయ్యి. కడుపు నొయ్యదు. కానీ అవి తిండి కాదు, నీ ముచ్చట. పాల మాంసకృత్తే పడని పిల్లులు కూడా కొన్ని ఉంటాయి. వాటికి లాక్టోజ్ తీసేసినా దురద, వాంతులు ఆగవు. ఒళ్లు గోక్కుంటోందేమో చూస్తూ ఉండు.”

అత్త ఇంకా పూర్తిగా లొంగలేదు. “నువ్వు చెప్పినవన్నీ నిజమే కావచ్చు. నా పిల్లికి మాత్రం పాలే చేస్తున్నాయని నమ్మకమేమిటి? వారం రోజులు చుక్క పాలు పొయ్యను. ఆ ట్రే నేనే చూస్తాను. అప్పటికీ పల్చగానే వెళ్లిందనుకో, నువ్వేమంటావు?”

“పాల తప్పు కాదని నేనే ఒప్పుకుంటాను. నులిపురుగులుండొచ్చు, ఇంకేదైనా క్రిమి ఉండొచ్చు. ట్రేలోది కొంచెం చిన్న డబ్బాలో వేసి, పిల్లినీ బుట్టలో పెట్టుకుని బెజవాడ తీసుకురా. మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తాను. గట్టిపడితే మాత్రం పొద్దుటి గ్లాసూ రాత్రి గ్లాసూ మళ్లీ మొదలుపెట్టవు కదా?”

“గ్లాసులు పొయ్యను” అంది అత్త. “చెంచాల సంగతి అప్పుడు చూద్దాం.”